ఎవుల తాలూకా?

భిలాయి పొగలో పుట్టిన మూడో తరం మనిషి ఇంటిపేరులో మిగిలిన ఒక్క అక్షరం పట్టుకుని బొబ్బిలి వైపు వల్లకాట్లో ముత్తాతను వెతకబోతే...

మా తాత వదిలి వెళ్లిన కాగితం ఒక్కటే. అరచేతిలో పట్టే అట్టముక్క, ఠేకాదారు, అంటే కాంట్రాక్టరు, ఇచ్చిన గేటు పాసు. ఫొటో ఊడిపోయి జిగురు మరక మిగిలింది. పేరు దగ్గర హిందీలో ‘జీ. అప్పల్ రావ్’ అని ఉంది. ఊరు దగ్గర ‘ఆంధ్రా’. తండ్రి పేరు దగ్గర అడ్డగీత.

భిలాయి క్యాంప్ 1లో పెరిగినవాళ్లకు ఇది వింతేమీ కాదు. ఇక్కడ తెలుగువాళ్లందరి పేరూ రావే. బడిలో మాస్టారు ‘రావ్’ అని కేకేస్తే నలుగురం లేచేవాళ్లం. ఇంటిపేర్లు ఇంగ్లిషులో ఒక అక్షరానికి కుదించుకుపోయి, ఆ అక్షరం మళ్లీ హిందీలోకి దిగి, పక్కన ఒక చుక్క పెట్టుకుని కూర్చునేవి. మా అక్షరం ‘జీ’. హిందీవాళ్లకు అది మర్యాద మాట. మా పక్కింటి ఛత్తీస్‌గఢీ పెద్దాయన చాలా ఏళ్లపాటు, ఎవరో గుమాస్తా మా తాత మీద గౌరవం కొద్దీ పేరు వెనక పెట్టాల్సిన ‘జీ’ని పొరపాటున ముందు పెట్టాడనే అనుకున్నాడట.

మేం మాత్రం ‘జీ’ అంటే గొర్లె అని చెప్పుకునేవాళ్లం. సంబంధాలు చూసినా, గుళ్లో అర్చన చేయించినా గొర్లెవారమే. మా మామ్మ ఒక్కతే అప్పుడప్పుడూ నోట్లోంచి అడ్డచుట్ట తీసి, ‘మీ తాతది ఆ ఇల్లు కాదురా’ అనేది. మరి ఏ ఇల్లు అంటే చుట్ట మళ్లీ నోట్లోకి వెళ్లిపోయేది.

మామ్మ 2021 ఏప్రిల్‌లో పోయింది. దుర్గ్ జిల్లా అంతా లాక్‌డౌన్. రామ్‌నగర్ ముక్తిధామ్‌లో నేనూ, మా తమ్ముడూ, దూరంగా నిలబడ్డ ఒక బాబాయీ. ఏడ్చే ఆడవాళ్లు లేరు. ఆ రోజు అది కరోనా కష్టాల్లో ఒకటనుకున్నాను. దానితో ఏం పోయిందో తెలియడానికి ఇంకా కొన్నాళ్లు పట్టింది.

నౌకరీ, కామ్

1955 ఫిబ్రవరి 2న భారత ప్రభుత్వం సోవియట్ యూనియన్‌తో భిలాయి ఉక్కు కర్మాగారం ఒప్పందం మీద సంతకం చేసింది. నాలుగేళ్లకు, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించారు. ఆ రెండు తేదీల మధ్య పునాదులు తవ్విందీ, కంకర మోసిందీ, కాంక్రీటు పోసిందీ ఎవరని అడిగితే జవాబులో సగం మా క్యాంపుల్లో దొరుకుతుంది. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి మేస్త్రీల వెంట ముఠాలు ముఠాలుగా జనం వచ్చారు. రావడానికి దారి ముందే ఉంది. రాయపూర్–విజయనగరం రైలు మార్గం 1931లోనే పూర్తయింది. అంతకు ముందు తరం వాళ్లు ‘రంగం’ పోయేవాళ్లు, అంటే రంగూన్. 1942లో జపాన్ బాంబులకు బర్మా దారి మూసుకుపోయాక తూర్పుకు వెళ్లాల్సిన కాళ్లు పడమటికి తిరిగాయి. సముద్రం లేదు, పడవ లేదు. బొబ్బిలిలో ఎక్కితే నాలుగైదు వందల కిలోమీటర్లు, అంతే.

కూలీలను దింపిన రేకుల షెడ్లకు పేర్లు పెట్టే తీరిక ఎవరికీ లేకపోయింది. క్యాంప్ 1, క్యాంప్ 2 అన్నారు. ప్లాంటు ఉద్యోగులకు సెక్టార్లు కట్టారు. వాటికీ అంకెలే, కానీ అక్కడ క్వార్టర్లున్నాయి, చెట్లున్నాయి, ఆసుపత్రి ఉంది. పని అవగానే ఎత్తేయాల్సిన క్యాంపులు మాత్రం పని అయ్యాక అక్కడే ఉండిపోయాయి. పవర్ హౌస్ స్టేషన్‌లో దిగి, జవాహర్ మార్కెట్ దాటి, నందినీ రోడ్డు వైపు నడిస్తే ఇప్పటికీ ఇడ్లీ బండి దగ్గర తెలుగు వినిపిస్తుంది. మా 18 నంబరు రోడ్డులో అయితే హిందీ వాక్యం తెలుగులో ముగుస్తుంది, తెలుగు తిట్టు హిందీలో మొదలవుతుంది.

జోనథన్ ప్యారీ అనే బ్రిటిష్ మానవశాస్త్రవేత్త 1990ల నుంచి భిలాయి కార్మికుల మధ్య తిరిగి ఒక పెద్ద పుస్తకం రాశాడు. పర్మినెంటు ఉద్యోగం ‘నౌకరీ’, ఠేకాదారు కింద చేసేది ఉట్టి ‘కామ్’ అని ఇక్కడివాళ్లు చేసే తేడాయే ఆ పుస్తకానికి ఇరుసు. మరో సంగతి: భిలాయి రాకముందు ఈయనే కాశీలో చావు చుట్టూ అల్లుకున్న కర్మకాండల మీద, వాటిని నడిపే మనుషుల మీద పేరున్న పుస్తకం రాశాడు. కాశీ శ్మశానం నుంచి భిలాయి కొలిమికి వచ్చిన మనిషి. రెండు చోట్లా నిప్పే.

నౌకరీ ఉన్నవాడికి సర్వీసు పుస్తకం ఉంటుంది. అందులో తండ్రి పేరు, పుట్టిన ఊరు, నామినీ, అన్నీ ఉంటాయి. కామ్ చేసినవాడికి మేస్త్రీ నోటుబుక్కులో ఒక గీత ఉంటుంది. మా తాత కామ్ మనిషి. పద్నాలుగు పదిహేనేళ్ల వయసులో మేనమామ ముఠాతో వచ్చాడు. ఆ మేనమామే మేస్త్రీ. ఇక్కడే రేజా పని, అంటే ఆడకూలీ పని, చేస్తున్న పాలకొండ వైపు పిల్లను చేసుకున్నాడు. 1971లో, మా నాన్నకు ఎనిమిదేళ్లప్పుడు, జ్వరంతో పోయాడు. అప్పటికే ఆ మేనమామ ముఠాను తీసుకుని బొకారో వెళ్లిపోయాడు. ఇక మా తాత ఎవరో చెప్పే మనిషి క్యాంప్‌లో మిగల్లేదు.

సముద్రం దాటినవాళ్లే నయం

వంశం వెతుక్కోవడం తిండికి లోటు లేనివాళ్ల సరదా అని నేనూ అనుకునేవాణ్నే. మా అన్న కూతురు కాలేజీలో చేరేదాకా. ఛత్తీస్‌గఢ్‌లో వెనకబడిన తరగతుల సర్టిఫికెట్ కావాలంటే 1984 డిసెంబర్ 26కు ముందు నుంచీ కుటుంబం ఇక్కడ ఉందని చూపాలి. ఎస్సీ, ఎస్టీలకైతే 1950కి ముందు నుంచీ. భిలాయి ప్లాంటు పుట్టిందే 1955లో. ఇంతకన్నా చెప్పక్కర్లేదు. 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన మర్రి చంద్రశేఖర్ రావు కేసు ఇలాంటిదే. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయిలో పెరిగిన కుర్రాడు అక్కడి మెడికల్ కాలేజీలో ఎస్టీ సీటు అడిగాడు. ఒక రాష్ట్రంలో ఉన్న గుర్తింపు రైలెక్కి ఇంకో రాష్ట్రానికి రాదని కోర్టు తేల్చింది. ఆ తీర్పు క్యాంపుల్లో చదువుకున్న ప్రతివాడికీ తెలుసు, పేరు తెలియకపోయినా.

మా గేటు పాసు 1984కు ముందుదే. కానీ దాని మీద తండ్రి పేరు లేదు, కులం లేదు, ఇంటిపేరు ఒక్క అక్షరం. ‘సొంతూరి నుంచి మీ తాత తండ్రి కాగితం ఏదైనా తెండి’ అన్నారు ఒక ఆఫీసులో. ఊరి పేరు మామ్మ చెప్పగా విన్నదే. అది చాలనుకున్నాం.

చాలలేదు. ఆంధ్రాలో పల్లెటూరి మనిషి పాత ఆనవాలు రెవెన్యూ లెక్కల్లో దొరకాలి. సెటిల్‌మెంట్ రిజిస్టరు, అడంగలు, 1-బి. ఇవన్నీ భూమి వంశావళులు. మనిషి అందులోకి భూమి వెంట వస్తాడు, భూమి లేకపోతే రాడు. బొబ్బిలి జమీందారీలో సెంటు భూమి లేని పాలేరుకు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత కూడా పట్టా పుట్టదు కదా. జనన మరణాల పుస్తకం గ్రామ ఉద్యోగుల దగ్గర ఉండేది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణాల వ్యవస్థను రద్దు చేసింది. చేయాల్సిన పనే. మా ఊరి కరణం గారింటి పెట్టెలో ఉండిన పుస్తకాలను ఆ తర్వాత చెదలు తమ పేర రాయించుకున్నాయని ఊళ్లో చెప్పారు.

ఇక్కడే నాకు కొంచెం అసూయ. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ డర్బన్ చేరింది మొదలు, నాటాల్ చెరకు తోటలకు వెళ్లిన ప్రతి కూలీకీ రిజిస్టరులో ఒక వరస ఉంది. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చ. విశాఖపట్నం, గంజాం జిల్లాల వాళ్లు అందులో బోలెడంత మంది. ఫిజీలోనూ అంతే. మారిషస్‌లో అయితే మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో కూలీల ఫొటోలు కూడా ఉన్నాయి. వాళ్ల మునిమనవలు విమానం దిగి, కాగితం చేత్తో పట్టుకుని మన ఊళ్లకు వస్తున్నారు. వాళ్లను బానిసల్లా కొనుక్కున్న తెల్లదొర లెక్క తప్పకూడదని పుట్టుమచ్చ సహా రాసుకున్నాడు. మా తాతను తీసుకొచ్చింది మేనమామ. మేనమామ రాసుకుంటాడా?

తెల్లవాళ్ల చావులకూ అంతే లెక్క. భీమిలిలో 17, 18 శతాబ్దాల డచ్చివాళ్ల సమాధులు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. జూలియన్ జేమ్స్ కాటన్ అనే అధికారి 1905లో మద్రాసు ప్రెసిడెన్సీలోని సమాధి శాసనాల జాబితా అచ్చు వేయించాడు. 1976లో ఇంగ్లండులో దక్షిణాసియా శ్మశానాల కోసం ఒక సంఘమే పెట్టుకున్నారు. భీమిలి సమాధుల గోడ మీద కూర్చుని మేకలు కాసిన మనిషి సమాధి ఎక్కడుందో ఏ జాబితా చెప్పదు.

అన్నట్టు, భిలాయికి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరా గనులున్న బాలోద్ జిల్లాలోనే కర్కాభాట్ ఉంది. ఇనుప యుగపు మనుషులు చచ్చిపోయినవాళ్ల మీద నిలబెట్టిన పెద్ద పెద్ద రాళ్లు అక్కడ గుంపులుగా ఉన్నాయి. వాటిని చూసినప్పుడు నాకు ముందొచ్చిన ఆలోచన, వీళ్లకు రాళ్లు మోసే మేస్త్రీ ఎవరు అని.

గెడ్డ ఒడ్డు

బొబ్బిలిలో దిగి ఆటో మాట్లాడుకుని ఊళ్లోకి వెళ్లాను. రామమందిరం అరుగు మీద ఎనభై దాటిన ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. నన్ను కింది నుంచి పైదాకా చూసి అడిగింది.

“ఎవుల తాలూకా బాబూ?”

మా వైపు ఇది అడ్రసు అడగడం కాదు. ఏ మనుషులకు చెందినవాడివి, ఎవరి గుమ్మం తొక్కే హక్కు నీకుంది అని అడగడం. నేను గొర్లె అప్పలరావు మనవణ్ని, భిలాయి నుంచి వచ్చాను అన్నాను.

“గొర్లోలల్ల అప్పలరావు నేడే! బిలాయి ఎలిపోయినోడు... మేస్త్రీతో ఎలిపోనాడు, ఆ గుంటడా?”

అవునన్నాను, మేస్త్రీ మా తాత మేనమామ అని కూడా చెప్పాను.

“అదీ సెప్పు. మేస్త్రీ గొర్లోడు. ఆడి మేనల్లుడు గొర్లోడెలాగవుతాడు నానా? ఆడు గేదిలోడు. గేదెల వోరు మీరు.”

గేదెల. అదీ ‘జీ’యే. గేటు పాసు రాసిన గుమాస్తా తప్పు రాయలేదు. మేస్త్రీ పేరు చూసి చదవడంలో మేమే తప్పాం. యాభై ఏళ్లు గొర్రెలమనుకున్నవాళ్లం అరుగు దగ్గర నిలబడిన పాటున గేదెలమైపోయాం.

అయితే మా ముత్తాత పేరేంటని అడిగాను. అప్పన్న అంది. ఏ అప్పన్న అని పక్కనున్నాయన అడిగాడు. ఎర్రప్పన్నా, పొట్టప్పన్నా అని ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు.

ఉత్తరాంధ్ర పేర్ల సంగతి తెలిసినవాళ్లకు ఈ వాదన ఎందుకో అర్థమవుతుంది. మా పేర్లు మనుషులవి కావు, దేవుళ్లవి. అప్పన్న, అప్పలరాజు, అప్పలనరసమ్మ, సింహాచలం అంటే ఇంటి ఇలవేల్పు సింహాద్రి అప్పన్న. పైడిరాజు, పైడితల్లి అంటే విజయనగరం గాలి సోకినవాళ్లు. కూర్మారావు, కూర్మమ్మ అంటే శ్రీకూర్మం. ముఖలింగం పేరు వినపడితే వంశధార ఒడ్డు. నూకరాజు, నూకాలమ్మ అంటే అనకాపల్లి వైపు. పోలమ్మ, పోలినాయుడు పేర్లు శంబర జాతర జరిగే మక్కువ చుట్టుపక్కల ఎక్కువ. క్యాంప్ 1లో పది పేర్లు వింటే చాలు, ఏ ముఠా ఏ స్టేషన్‌లో రైలెక్కిందో చెప్పవచ్చు. దానికి తోడు తాత పేరు మనవడికి. ఒక తరం వదిలి ఒక తరం అదే పేరు తిరిగొస్తుంది. ఊరికి ఆరుగురు అప్పన్నలుంటే వాళ్లను విడదీసేది ఎర్ర, నల్ల, పొట్టి, పెద్ద అన్న మాటే. ఆ మాట ఏ రిజిస్టరులోకీ ఎక్కదు.

ముసలమ్మ వాదన తేలక, “పాతిన మడిసిని అడుగు” అంది.

ఊరి పడమట, తాటితోపు దాటాక, గెడ్డ ఒడ్డున ఉంది వల్లకాడు. జీడితోట ఒకటి ఏటేటా ఒక్కో అడుగు ఇటు జరుగుతోంది. ముందు వరసలో సిమెంటు సమాధులు. కొన్నిటి మీద తులసికోటలు, కొన్నిటికి రంగు పలకలు. ఆయిల్ పెయింటుతో రాసిన జననం, మరణం. మూడు వానలు పడితే జననం పోతుంది, ఐదు వానలకు మరణం కూడా. ఇవన్నీ ఈ ముప్పై నలభై ఏళ్లలోవే. వలస డబ్బు వచ్చాక కట్టినవి. అంతకు ముందు గొయ్యి మీద నక్కలు తవ్వకుండా నాలుగు రాళ్లు, ముళ్లకంప. మట్టి కుంగాక ఆ రాళ్లు ఇంకో గోతికి. రాయి పట్టుకుని వంశం వెతకాలనుకుంటే, మా ఊళ్లో కథ నలభై ఏళ్ల దగ్గర ఆగిపోతుంది.

గోతులు తవ్వే కుటుంబం పెద్దాయనకు డెబ్బై ఉంటాయి. భుజాన గునపంతోనే వచ్చాడు. నేను తాతా అంటే ఆయన బాబూ అన్నాడు. విషయం చెప్పాను. గట్టు మీద నిలబడి ఒకసారి చూసి, నేరుగా వేపమాను దగ్గరకు నడిచాడు.

“ఇదిగో ఈడ. మానుకి ఎడంపక్క. పొట్టప్పన్న. దచ్చినం తల. మా అయ్య తవ్వినాడు.”

మీకెలా తెలుసు తాతా అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు.

“తెలకపోతే ఎలా బాబూ? కొత్తది తవ్వినప్పుడు పాతది తగలకూడదు. తగిల్తే మాకే మాట.”

ఇంత చిన్న కారణం. కొత్త గొయ్యి పాత గోతిని కోయకూడదు కాబట్టి, తండ్రి కొడుక్కు చూపించి పోవాలి. ఎక్కడ మట్టి మెత్తన, ఎక్కడ ఉప్పు ఎక్కువ పోశారు, ఏ మాను వేరు ఏ గోతిలోకి దిగింది. తన తండ్రి చెప్పినవీ, తాను తవ్వినవీ కలిపి ఆయన నాకు ఆ మధ్యాహ్నం గేదెల ఇంటివి తొమ్మిది గోతులు చూపించాడు. పొట్టప్పన్న పక్కన అతని భార్య. ఆమె పేరు ఆయనకు గుర్తు లేదు. “గొర్లోల ఆడపడుచు” అన్నాడు. అంటే మా తాత మేనమామ అయిన మేస్త్రీకి అక్క. కాళ్ల దగ్గర రెండు చిన్న గోతులు, పేర్లు పెట్టకముందే పోయినవాళ్లవి.

తెలంగాణలో, కోస్తాలో వంశాలు పాడే కులాలున్నాయి. కాపు, కమ్మ, రెడ్డి, వెలమ ఇళ్లకు పిచ్చుకగుంట్లవాళ్లు, ఇప్పుడు వంశరాజులంటున్నారు. పద్మశాలీలకు సాధనాశూరులు, మాదిగలకు డక్కలివాళ్లు. కరీంనగర్‌లో కొన్ని దళిత కుటుంబాలు దీపావళి దీపాలు సమాధుల దగ్గర వెలిగించి, పోయినవాళ్లకు ఇష్టమైన తిండి అక్కడ పెడతారు. క్రైస్తవుల కుటుంబాలకు నవంబర్ 2 సమాధుల పండుగ. మాకు సంక్రాంతి పెద్దల పండుగే కానీ, ఇంట్లో చాప మీద కొత్తబట్టలు పెట్టి దండం పెట్టడమే. మా గుమ్మం తొక్కి మా వంశం పాడిన మనిషి లేడు. పాడకుండా, చేతి పని కోసం గుర్తు పెట్టుకున్న ఈ ఒక్క కుటుంబమే ఉంది. వాళ్ల మాటకు ఊళ్లో ఏపాటి విలువ ఇచ్చారో నేను చెప్పనక్కర్లేదు. ఆయన కొడుకు హైదరాబాద్‌లో ఉన్నాడట, అపార్టుమెంటు కాపలా.

ఏడుపులో ఉన్న వంశం

సాయంత్రం ముసలమ్మ దగ్గరకు మళ్లీ వెళ్లాను. ముత్తవ్వ పేరు తెలుసా అని అడిగాను. తెలియదంది. కాసేపాగి, గోడకు ఆనుకుని, గొంతు మార్చింది. ఏడవడం మొదలుపెట్టింది. కన్నీళ్లు లేవు. ఎప్పుడో ఆ ఇంటి చావులో తన తల్లి ఏడ్చిన వరసను తిరగేస్తోంది. రాగం వెంట మనుషులు వచ్చారు. ఏ ఊరి ఆడపడుచు, ఏ ఇంటి కోడలు, ఎవరికి అక్క, ఎవరికి ఒదిన, పుట్టింటివారు పెట్టిన చీర రంగు. ఆ వరసలో మూడోసారో నాలుగోసారో పేరు దొర్లింది. రాములమ్మ. ఠక్కున ఏడుపు ఆపి, “అదే, రావులమ్మ” అంది మామూలు గొంతుతో.

మా వైపు ఆడవాళ్ల ఏడుపును మగవాళ్లం ఎప్పుడూ గోలగానే విన్నాం. పొద్దున్నే శవం లేవాలి, ఇంక ఆపండమ్మా అంటాం. చచ్చిపోయిన మనిషి పుట్టినింటినీ మెట్టినింటినీ ముడేసి, వరస తప్పకుండా, అందరి ముందూ పైకి చదివే పుస్తకం అది ఒక్కటే. పాలకొండ నుంచి రేజాగా వచ్చిన మా మామ్మ తాలూకు మనుషులెవరో ఆ పుస్తకంలోనే ఉండాలి. ఆమె పోయిన రోజు రామ్‌నగర్‌లో ముగ్గురం మగవాళ్లం నిలబడ్డాం.

శ్రాద్ధంలో తండ్రి, తాత, ముత్తాత మూడు పేర్లు చెప్పాలి. వాళ్లను వసు, రుద్ర, ఆదిత్య రూపాలుగా పిలుస్తారు. పేరు తెలియకపోతే దానికీ ఏర్పాటు ఉంది. పృథివిలో ఉన్నవాడా, అంతరిక్షంలో ఉన్నవాడా, దివిలో ఉన్నవాడా అని పిలవవచ్చని శాస్త్రం. గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం. మా నాన్నకు రాజిమ్ సంగమం దగ్గర పిండం పెట్టినప్పుడు మాకు రెండూ వాడారు. ఇంత పెద్ద దేశంలో తాత పేరు తెలియనివాళ్లు ఎంతమంది ఉండబట్టి ఆ సదుపాయం పుట్టిందో.

రాత్రి మా మేనత్తకు ఫోన్ చేశాను. ఆమె నాగపూర్‌లో ఉంటుంది. 1985లో ఖుర్సీపార్ నుంచి ఆమెకు ఒక సంబంధం వచ్చింది. కుర్రాడికి ప్లాంటులో నౌకరీ. వాళ్లూ గొర్లెవారే. ఒకే ఇంటిపేరు, అన్నాచెల్లెళ్ల వరస అవుతుందని పెద్దలు కాదనేశారు. ఆ రోజు కూడా మామ్మ ‘మాది ఆ ఇల్లు కాదు’ అందట. మరి ఏదని అడిగితే చెప్పలేకపోయింది. చెప్పలేనిదాని మాట ఎవరు వింటారు?

“అత్తా, మనం గొర్లె కాదంట. గేదెల.”

చాలాసేపు ఏం మాట్లాడలేదు. పెట్టేసిందేమో అనుకున్నాను.

“ఆ అబ్బాయి ఇప్పుడెక్కడున్నాడో” అంది.

సర్టిఫికెట్ సంగతి అడుగుతారు కాబట్టి చెబుతాను. వేపమాను వేరునూ, ముసలమ్మ ఏడుపునూ జిరాక్స్ తీయలేం. గేదెల ఇంటివారిలో ఊళ్లో మిగిలిన ఒక కుటుంబం ఉంది. వాళ్ల పాత బడి రిజిస్టరులో కులం ఉంది. మా తాతకూ వాళ్ల తాతకూ చుట్టరికం ఉన్నట్టు పెద్దలు సంతకం పెట్టిన కాగితం మీద ఇప్పుడు ఫైలు నడుస్తోంది. పిల్ల రెండో సంవత్సరంలోకి వచ్చింది.

మర్నాడు పొద్దున్న బొబ్బిలి నుంచి పెయింటరును తీసుకెళ్లి వేపమాను దగ్గర ఒక పలక రాయి పాతించాను. గేదెల పొట్టి అప్పన్న, ఆయన భార్య గొర్లెవారి ఆడపడుచు రాములమ్మ. తేదీలు లేవు. కింద కొంత ఖాళీ మిగిలితే మా తాత పేరూ రాయమన్నాను. పక్కనే కూర్చుని చూస్తున్న పెద్దాయన గునపం కింద పెట్టాడు.

“ఆడిని ఎక్కడెట్టినారు?”

కాల్చాం తాతా, అస్థికలు శివనాథ్ నదిలో కలిపారు, దుర్గ్ దగ్గర అన్నాను.

“అదే గెడ్డ? ఎందులో కలుస్తాది?”

మహానదిలో కలుస్తుంది, మహానది ఒడిశా మీదుగా వెళ్లి సముద్రంలో కలుస్తుందని చెప్పాను.

“ఏ సముద్రం?”

మన సముద్రమే. బంగాళాఖాతం.

ఆయన మా గెడ్డ వైపు చూశాడు. ఈ నీళ్లు వేగావతిలోకి, అక్కడి నుంచి నాగావళిలోకి, కళ్లేపల్లి దగ్గర సముద్రంలోకి పోతాయి. ఆయనకు అదంతా తెలుసు, నేను చెప్పక్కర్లేదు. కాసేపు వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు.

“అరుగు కట్టించేస్తే ఇంక జీడితోటోడు ఇటు రాడు. మూడు బస్తాల సిమెంటు అవుద్ది. ఇసక గెడ్డలోదే తీసుకుందాం” అని, బీడీ ఉందా బాబూ అన్నాడు.